‘నవలకు న్యాయం చేయలేదు’ అనే మాటలో న్యాయం ఏది?

చర్చకు పెట్టినవారి ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా ఇంటిల్లిపాదీ కూర్చుని 1969లో వచ్చిన ‘ఏకవీర’ చిత్రాన్ని చూశాము. విశ్వనాథ సత్యనారాయణ గారి నవలను సి.ఎస్. రావు గారి దర్శకత్వంలో చిత్రంగా తీశారనీ, దానికి సంభాషణలు సి. నారాయణరెడ్డి గారు రాశారనీ ఈ సమూహంలో చాలామందికి తెలిసే ఉంటుంది. మధుర నాయకరాజుల కాలంలో ప్రాణస్నేహితులైన సేతుపతి, వీరభూపతులలో ఒకరు ప్రేమించిన యువతి మరొకరికి భార్య కావడం ఆ కథకు మూలకందం.

చిత్రం ముగిసిన తరువాత ఇంట్లో జరిగిన మాటల వల్లనే ఈ ప్రశ్న పుట్టింది. నవలను మూడుసార్లు చదివిన మా మామగారు, ‘నవలకు న్యాయం చేయలేదు’ అన్నారు. నవల ముఖమైనా చూడని మా అబ్బాయి కూడా, నడక మందంగా ఉందన్న విసుగుతో కాబోలు, అదే మాట అన్నాడు. మా మరిది మాత్రం ఎన్.టి. రామారావు, కాంతారావు గార్లు తమ పాత్రలకు పూర్తిగా న్యాయం చేశారని వాదించాడు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, ‘ఏమైనా మీనాక్షికి న్యాయం జరగలేదు’ అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. మీనాక్షిగా వేసిన జమున గారి పాత్రను కుదించారని ఆవిడ అభిప్రాయం కాబోలునని నేను అనుకున్నాను.

నలుగురూ ఒకే మాట వాడినా, నలుగురూ చెప్పినది ఒకటి కాదని నాకు తోచింది. ఈ ‘న్యాయం చేయడం’ అనే ప్రయోగం మన భాషలో మొదటి నుంచీ ఉన్నదేనా, లేక ఇంగ్లీషు చిత్ర సమీక్షల నుంచి దిగుమతి అయినదా? నవల పట్ల ఒక చిత్రం చేయవలసిన న్యాయం అంటే ఏమిటని అర్థం చేసుకోవాలి? పెద్దలు చెప్పగలరు.

మొదటి సమాధానం

అమ్మా, ప్రశ్న బాగున్నది. ‘నాకు న్యాయం చేయండి’ అని రచ్చబండ దగ్గర మొరపెట్టుకున్నవాడి మాట అచ్చంగా మనదే. అందులో ఎవరూ అనుమానించవలసినది లేదు. అక్కడ న్యాయం కోరేది మనిషి, చేసేది మనిషి, మధ్యన ఒక తగవు ఉంటుంది. కానీ పాత్రకు, నవలకు, పాటకు, చివరికి వంకాయకూరకు కూడా న్యాయం చేయడం అనే ప్రయోగం నా ఎరుకలో పత్రికా సమీక్షల వల్ల వ్యాపించినదే. ఇంగ్లీషు సమీక్షకుల అలవాటు మాటను మనవాళ్ళు ముక్కకు ముక్కగా దించుకున్నారని నా అనుమానం.

మా తాతగారు పద్యనాటకాలలో వేషాలు కట్టేవారు. నటుడిని మెచ్చుకోవడానికి ఆయనకు ఈ మాట ఎన్నడూ అవసరం కాలేదు. వేషం కట్టినవాడు పాత్రను పండించేవాడు, లేదా పాత్రలో ఒదిగిపోయేవాడు. నాటకం రక్తి కట్టేది, లేదా కట్టేది కాదు. ‘రక్తి కట్టడం’ అన్నప్పుడు తీర్పు పూర్తిగా ఆ రాత్రి పందిట్లో జరిగినదానికే పరిమితమని గమనించండి. మూలగ్రంథానికి బాకీ తీరిందా లేదా అన్న ఆలోచన ఆ మాటలో లేదు.

అసలు ఆ ఆలోచన మనకు అవసరం కాకపోవడానికి కారణం ఉన్నది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కథకు ఇరుసు శశిరేఖ పెళ్ళి. వ్యాసుని భారతంలో శశిరేఖే లేదు. అయినా ‘వ్యాసునికి న్యాయం చేయలేదు’ అన్న ప్రేక్షకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అంతకుముందు కాళిదాసు కూడా భారతంలోని శకుంతల కథను తీసుకుని, అందులో లేని దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని పెట్టి నాటకం అల్లితే, లోకం దానిని నెత్తిన పెట్టుకున్నది. కథ అందరిదీ అయినప్పుడు ఎవరు ఎలా చెప్పినా సొంతం చేసుకున్నాము. నవల వచ్చిన తరువాత కథకు ఒక యజమాని ఏర్పడ్డాడు, అట్టమీద పేరు అచ్చయింది, వాక్యాలు మార్చడానికి వీలులేకుండా స్థిరపడ్డాయి. అప్పుడు పుట్టిన తగవుకే ఈ ‘న్యాయం’ కావలసివచ్చింది. కనుక మాట దిగుమతి అయినా, దానికి పని ఇక్కడే పుట్టిందని ఒప్పుకోవాలి.

ప్రసంగవశాత్తూ ఒక సంగతి. 1960లో సావిత్రి గారు నటించిన ‘చివరకు మిగిలేది’కి, బుచ్చిబాబు గారి నవలకు పేరు తప్ప సంబంధం లేదు, దానికి మూలం ఒక బెంగాలీ చిత్రం. నవలను మనసులో పెట్టుకుని చూడబోయే పాఠకుడు ఎవరిమీద దావా వేయాలో కూడా తెలియక బయటికి రావలసిందే.

రెండవ సమాధానం

పైన సమాధానమిచ్చిన పెద్దలు ప్రయోగాన్ని దిగుమతి అన్నారు. వారితో కొంతవరకే ఏకీభవిస్తాను. ‘ఇది నీకు న్యాయమా?’ అని అలిగిన ఆడపడుచు అన్నా, ‘న్యాయంగా చెప్పాలంటే’ అని సాక్షి మొదలుపెట్టినా, ‘న్యాయమైన ధర’ అని సంతలో బేరగాడు అన్నా, అక్కడ కోర్టు లేదు. ‘తగినది’ అనే అర్థమే ఉన్నది. నవలకు తగినది చేయలేదనడం ఆ దారిలోనే పుట్టగలదు కనుక, ఇంగ్లీషు మాట బయటినుంచి తలుపు తట్టి ఉండవచ్చును గాని, లోపల మనిషి ముందే ఉన్నాడు.

అయితే ప్రశ్నలో రెండవ భాగానికి నిఘంటువులోనే సమాధానం ఉన్నదని నాకు అనిపిస్తున్నది. అమరకోశం న్యాయ శబ్దానికి పర్యాయపదాలు చెబుతూ ‘అభ్రేషన్యాయకల్పాస్తు దేశరూపం సమంజసమ్’ అంటుంది. అభ్రేషం అంటే తప్పిపోకపోవడం, ఉన్న దారినుంచి జారకపోవడం. పాణిని సూత్రం కూడా న్యాయ శబ్దాన్ని ఈ అభ్రేషమనే అర్థంలోనే సాధించింది. అదే వరుసలో దేశరూపం, సమంజసం అన్న మాటలు ఉన్నాయి. సమంజసం మనకు రోజూ నోట్లో నలిగే మాటే. దేశరూపాన్ని తగినదనే అర్థంలో వాడినా, ఆ మాటలో కనిపించే ‘దేశం’ నన్ను ఆపింది. జారకుండా ఉండడమూ న్యాయమే, చేరిన చోటికి తగినట్టు ఉండడమూ న్యాయమే. ఒక నవల చిత్రమైన ప్రతిసారీ జరిగే పోట్లాట అంతా ఈ రెండు పర్యాయపదాల మధ్యనే జరుగుతున్నది. సోదరి గారి మామగారు అడిగినది అభ్రేషం, మరిదిగారు మెచ్చుకున్నది సమంజసం. ఇద్దరూ అమరకోశం ప్రకారం సరిగ్గానే మాట్లాడారు.

లోకానుభవాన్ని ఉపమానంగా చెప్పే మన లౌకిక న్యాయాలలో ఈ సందర్భానికి పనికివచ్చేవి లేకపోలేదు. నలుగురు ప్రేక్షకులు నాలుగు విధాలుగా చెప్పినప్పుడు గుడ్డివారు ఏనుగును తడిమి తలొక విధంగా చెప్పిన అంధగజ న్యాయం గుర్తుకు రావడం సహజమే కాని, అది కొంచెం అవమానకరం. ప్రేక్షకులు గుడ్డివారు కారు. నాకు మరింత ఇష్టమైనది అరుంధతీ న్యాయం. సన్నగా మిణుకుమనే అరుంధతిని చూపించడానికి ముందు దగ్గరలోని పెద్ద నక్షత్రాన్ని చూపిస్తారు, చూపు దానిమీద నిలిచిన తరువాత పక్కకు జరుపుతారు. చిత్రం ఆ పెద్ద నక్షత్రమైతే చాలదా? ‘ఏకవీర’ పాటలు విని ఆ నవలను వెతుక్కున్నవాళ్ళలో నేనూ ఒకడిని. కృష్ణశాస్త్రి గారి ‘ప్రతిరాత్రి వసంతరాత్రి’ని ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం గార్లు కలిసి పాడినది వినకపోతే, పద్ధెనిమిదేళ్ళ వయసులో నేను విశ్వనాథ వారి జోలికి పోయేవాడిని కాను.

మూడవ సమాధానం

నక్షత్రాల మాట బాగానే ఉన్నది గాని, పెద్ద నక్షత్రం దగ్గరే ఆగిపోయినవారి సంగతి కూడా చెప్పుకోవాలి. నేను ‘దేవదాసు’ను ఉదాహరణగా తీసుకుంటాను. శరత్‌చంద్రుని నవల 1917లో అచ్చయింది. చక్రపాణి గారివంటి అనువాదకుల చలవవల్ల శరత్‌బాబు మనవాడేనన్నంతగా తెలుగు పాఠకులకు దగ్గరయ్యారు. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి గార్లు నటించిన చిత్రం 1953లో వచ్చింది. ఇవాళ మన వాడుకలో ‘వాడు దేవదాసైపోయాడు’ అంటే మాసిన గడ్డం, చేతిలో సీసా, భుజాన శాలువా కళ్ళకు కడతాయి. నామవాచకం విశేషణంలా మారిపోయింది. ఆ బొమ్మ పుస్తకం పేజీలలో నుంచి వచ్చినది కాదు, తెరమీద నుంచి దిగి వచ్చినది.

నవల చివర కథకుడు కథను ఆపి పాఠకునితో నేరుగా మాట్లాడతాడు. ఇలాంటి అభాగ్యుడు ఎవరైనా తటస్థపడితే వాడికోసం ప్రార్థించమనీ, చావు ఎలాగూ తప్పదు కాని ఆ వేళ నుదుటిమీద ఒక ఆప్యాయమైన చేయి లేకుండా ఎవరూ పోకూడదనీ వేడుకుంటాడు. నవల ప్రాణం నాకు అక్కడ ఉన్నది. సంఘటనలన్నీ వరుస తప్పకుండా చూపించినా కెమెరాకు ఆ గొంతు లేదు. సముద్రాల వారి మాటలు, సుబ్బరామన్ గారి బాణీలు, ఘంటసాల గారి కంఠం కలిసి ఆ జాలిని మరొక దారిన తెచ్చాయి కనుక చిత్రం నిలిచింది. అది కథకుని మాట కాదు, కథానాయకుని మాట అయిపోయింది. శరత్తు ‘వీడిమీద జాలిపడండి’ అన్నాడు. పాట ‘నామీద జాలిపడండి’ అన్నది. ఈ తేడాను అభ్రేషమంటారా, దేశరూపమంటారా?

అందుచేత ‘న్యాయం చేయలేదు’ అని ఎవరైనా అంటే, కథ మారిందని అంటున్నారా, గొంతు మారిందని అంటున్నారా అని నేను ఎదురు అడుగుతాను. కథ మారడం మీద పెద్ద తగవు పెట్టుకోనక్కరలేదు. విశ్వనాథ వారి నవలలో పాత్రల పక్కన నిలబడి, వారి మనసులలోని సన్నని కదలికలను కూడా వదలకుండా వివరించే కథకుడు ఉన్నాడు. చిత్రంలో ఆయనకు చోటు దొరకలేదు; ఆయన చెప్పవలసినదంతా పాత్రలే పైకి చెప్పుకోవలసివచ్చింది. నారాయణరెడ్డి గారి సంభాషణలు విడిగా వింటే సొగసైనవే. మనసులో దాచుకోవలసిన మాటను అంత అందంగా పైకి చెప్పేసరికి, దాచుకున్న బాధ బరువు తగ్గిందని నా నమ్మకం. సోదరి గారి మామగారికి లోటుగా తోచినది బహుశా ఇదే అయి ఉంటుంది.

ప్రశ్న వేసినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానాన్ని మా మామగారికి చదివి వినిపించాను. ‘గొంతు’ అన్న దగ్గర ఆగమని, మళ్ళీ చదివించుకుని, ‘అదీ సంగతి’ అన్నారు. మా అబ్బాయి తనకు కావలసినది అభ్రేషమూ కాదు, దేశరూపమూ కాదు, కాస్త వేగమని తేల్చాడు. దానికి అమరకోశం రాసిన అమరసింహుడు ఏమంటాడో మీరే చెప్పాలి.

ఒక దిద్దుబాటు చేయవలసి ఉన్నది. మా అత్తగారు జమున గారి పాత్రను కుదించారని అన్నట్టు నేను పొరబడి రాశాను. నిన్న రాత్రి చిక్కుళ్ళు ఒలుస్తూ ఆవిడనే అడిగాను. నేను దర్శకుని గురించి, నిడివి గురించి ఏదేదో అంటూ ఉంటే ఆవిడ కొంతసేపు అర్థం కానట్టు నావైపు చూసి, ‘సినిమావాళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా, నేను అన్నది ఆ పిల్ల సంగతి. కోరుకున్నవాడు ఒకడు, కట్టుకున్నవాడు ఇంకొకడు. పుస్తకంలోనైనా దానికి న్యాయం జరిగిందా?’ అని అడిగారు. జరగలేదని చెప్పాను. ‘మరి మీ మామగారు మూడుసార్లు ఎందుకు చదివారు?’ అన్నారు.