నిజాం వెండి రూపాయి అసలుదా నకిలీదా ఎలా గుర్తుపట్టాలి?

చిన్నప్పుడు మా తాత ఇచ్చిన చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా (నిజాం రాజ్యపు సొంత నాణెం) రూపాయలు ఐదు నా పెన్సిల్ డబ్బాలో ఉండేవి. ఏడో తరగతిలో వాటిని ఇచ్చేసి క్రికెట్ బ్యాట్ తెచ్చుకున్నా. తాత ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటది.

వాటి విలువ బాగా పెరిగింది, నిజమే. కానీ నాకు ఆయన గుర్తుగా ఒక్కటి కావాలి. చార్మినార్ కమాను మధ్యలో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని మొదటి ఉర్దూ అక్షరం 'ఐన్' ఉంటుందని, బరువు దాదాపు 11.18 గ్రాములని, వెండి 81.8 శాతమని తెలుసు. అయినా నకిలీల భయం పోవట్లేదు.

నాణేలు సేకరించే అన్నలు, అక్కలు కొంచెం చెప్పండి. లోహం కరిగించి పోత పోసిన నకిలీని అంచు చూసి పట్టుకోవచ్చా? ఫొటో చూసి కొనొచ్చా? హైదరాబాద్‌లో ఎక్కడ చూపించుకోవాలి? అరిగిపోయిన నాణెమైనా పర్లేదు.