గాలి 15 నాట్స్ అని చూపిస్తుండగానే స్పిన్నకర్ దిగలేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న (కళింగపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. గోవాలో 42 అడుగుల క్రూజింగ్ కాటమరాన్ (రెండు హల్‌లు, అంటే రెండు పొట్టలు ఉన్న తెరచాప పడవ) మీద రెండేళ్లుగా పనిచేస్తూ, ప్రస్తుతం సెలవు మీద ఇంటికి వచ్చాను. గత నెల వెనుకగాలిలో స్పిన్నకర్ (వెనుకగాలికి ఎత్తే పెద్ద, పలుచని తెరచాప) ఎత్తి వెళుతుండగా డిస్‌ప్లేలో అసలు గాలి (పడవ కదలికను లెక్కలోంచి తీసేశాక ఉండే గాలి వేగం) 15 నాట్స్ (గంటకు నాటికల్ మైళ్లు) దాటలేదు. యజమాని పెట్టిన హద్దు 18 కనుక ఎవరమూ కంగారుపడలేదు. తీరా దించబోతే, ఇద్దరం కలిసి లాగినా చాపను ముడిచి దించడానికి దానిపైకి లాగే తొడుగు కిందికి రాలేదు, తాడు మాత్రం అరచేతులు కోసేసింది. తప్పు పరికరాలదా, మేము తాళ్లు అమర్చిన తీరుదా? అనుభవమున్నవారు దయచేసి వివరించండి.

జవాబు (విజయనగరం నుంచి)

నేను ఓడల్లో ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసి రిటైరైనవాణ్ణి. తమ్ముడూ, ముందుగా అనుమానించవలసింది తెరకొయ్య చివరి గాలిమీటరును కాదు, పడవ అడుగున నీళ్లలో తిరుగుతూ వేగాన్ని కొలిచే చిన్న చక్రాన్ని. గాలిమీటరు కొలిచేది కదిలే పడవకు తగిలే గాలిని మాత్రమే. దానికి పడవ వేగాన్ని జోడించి డిస్‌ప్లే అసలు గాలిని లెక్కకడుతుంది. గాలి సూటిగా వెనుక నుంచి వీస్తోందనుకుందాం. తగిలే గాలి 11, పడవ వేగం 8 అయితే అసలు గాలి 19 నాట్స్. చక్రానికి నాచు, గుల్లలు పట్టి వేగాన్ని 4గా చూపిస్తే లెక్క 15 దగ్గరే ఆగిపోతుంది. మీకు జరిగినది ఇదేనని నా అనుమానం.

చక్రం శుభ్రం చేశాక, ఇంజను ఒకే వేగంతో నడుపుతూ ఒకే దారిలో వెళ్లి, తిరిగి వచ్చి, చక్రం చూపిన రెండు వేగాల సగటును జీపీఎస్ వేగాల సగటుతో పోల్చి సరిదిద్దండి. రెండు వైపులా వెళితేనే ప్రవాహం ప్రభావం తీసివేతకు వస్తుంది. పడవ రోజుల తరబడి లంగరు మీద ఉండేటప్పుడు చక్రాన్ని బయటికి తీసి, ఆ రంధ్రానికి మూతబిరడా పెట్టడం మేలు. చక్రం మీద, నాచు పట్టకుండా పడవ అడుగుకు వేసే సాధారణ రంగు వేయకండి, నీటితో కలిపే రకమే వాడాలి. కనెక్టర్లను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. పరికరాలను కలిపే నెట్‌వర్క్ ఎన్‌ఎమ్‌ఈఏ 2000 రకమైతే, కరెంటు ఆపి కొలిచినప్పుడు దాదాపు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర టెర్మినేటరు (తీగ చివర పెట్టే నిరోధకం) లేనట్టే.

జవాబు (భావనపాడు నుంచి)

పై పెద్దాయన చెప్పినదానికి తాళ్ల సంగతి కలుపుతాను. కాటమరాన్ అన్న పేరు తమిళంలోని కట్టుమరం, అంటే మన తెప్ప. అయితే ఈ రెండు హల్‌ల పడవ తెప్ప వంటిది కాదు, ఒకే హల్ ఉన్న పడవ వంటిదీ కాదు. ఒక హల్ పడవ గాలి ఎక్కువైతే పక్కకు ఒరిగి హెచ్చరిస్తుంది. ఇది ఒరగదు, భారమంతా తాళ్ల మీదే పడుతుంది.

పడవ వెడల్పుగా ఉంటుంది కనుక స్పిన్నకర్‌కు అడ్డకర్ర అవసరం లేదు. రెండు ముక్కుల నుంచీ చెరొక తాడు తెచ్చి చాప ముందు మూలకు కట్టి, బాగా వెనుకగాలి ఉన్నప్పుడు ఆ మూలను గాలివైపు ముక్కుకు లాగాలి. షీట్ తాళ్లు (చాప వెనుక మూలను అదుపు చేసేవి) షరౌడ్లకూ (తెరకొయ్యను పక్కల నుంచి పట్టి ఉంచే తీగలకూ), రెయిలింగుకూ బయటి నుంచే వెనుక కప్పీలకు చేరాలి. ఎత్తే ముందు తొడుగు తాడు మెలిపడలేదని పైదాకా చూసుకోండి, ఇరుక్కోవడానికి తరచు అదే కారణం. దించేటప్పుడు గాలికి మరింత వెనుదిరిగి, స్పిన్నకర్‌ను మెయిన్ చాప (తెరకొయ్య వెనుక ఉండే ప్రధాన తెరచాప) చాటుకు తెచ్చి, షీట్‌ను పూర్తిగా వదిలాకే తొడుగు లాగాలి. గాలి నిండిన చాప మీద ఎందరు లాగినా అది రాదు.

ప్రశ్నించినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. పడవ మీదున్న సహోద్యోగికి ఫోను చేసి చక్రం బయటికి తీయించాను, రెక్కల మధ్య గుల్లలు గట్టిగా పట్టి ఉన్నాయట. పైగా ఆ రోజు మేము షీట్ వదలకుండానే తొడుగు లాగాము. సెలవు ముగిసి వెళ్లగానే రెండు వైపులా పరుగు పెట్టి, జీపీఎస్‌తో సరిచూసిన తరువాతే స్పిన్నకర్ సంచి విప్పుతాము.