గ్రేప్, కానిస్టర్, ష్రాప్‌నెల్: మూడూ ఒకటేనా?

ప్రశ్న: 1803లో బ్రిటిష్ వాళ్లకీ మరాఠాలకీ జరిగిన అసాయే యుద్ధం గురించి వ్యాసం రాస్తున్నాను. మరాఠా పిరంగులు పేల్చినదాన్ని ఒక పుస్తకం గ్రేప్ అంటుంది, ఇంకోటి కానిస్టర్ అంటుంది. మన పేపర్లలోనేమో బాంబు పేలితే చాలు, ‘ష్రాప్‌నెల్ తగిలి’ అని వేస్తారు. నేనైతే అన్నిటికీ పిరంగి గుండు అనేశాను. తప్పా?

మాజీ గన్నర్: తప్పే తమ్ముడూ. నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయినవాణ్ని, ఇలాంటివి చూస్తే ఊరుకోలేను.

కానిస్టర్ అంటే రేకు డబ్బా. నిండా ఇనప గుండ్లు, సందుల్లో రంపపు పొట్టు. అమెరికా అంతర్యుద్ధంలో 12 పౌండ్ల గుండు పేల్చే ‘నెపోలియన్’ రకం పిరంగి డబ్బాలో 27 గుండ్లు పట్టేవి. గొట్టం దాటగానే డబ్బా చిరిగి, గుండ్లు విసనకర్రలా పరుచుకుంటాయి. మూడు నాలుగు వందల గజాలు దాటితే దండగ. కాల్బలం మీదికొచ్చేస్తుంటే తీసే సరుకది. మరీ దగ్గరికొస్తే రెండేసి డబ్బాలు దట్టించేవాళ్లు. 1863లో గెటిస్‌బర్గ్ దగ్గర దక్షిణాది జనరల్ పికెట్ దళాలకు ఎదురైంది ఇదే.

గ్రేప్‌లో గుండ్లు ఇంకా పెద్దవి. కాన్వాస్ సంచిలో వేసి తాడుతో బిగిస్తే ద్రాక్షగుత్తిలా ఉంటుంది. ఓడల మీద ఎక్కువ వాడారు. సిపాయిలు కానిస్టర్‌నీ గ్రేప్ అనేసేవాళ్లు, మీ పుస్తకాల తగువు బహుశా అదే.

ష్రాప్‌నెల్ మనిషి పేరు. హెన్రీ ష్రాప్‌నెల్ అనే బ్రిటిష్ ఆర్టిలరీ ఆఫీసరు, కానిస్టర్ పని దూరాన కూడా జరగాలని 1784లో సొంత డబ్బుతో గుల్ల గుండు చేశాడు. లోపల చిన్న గుండ్లు, కాస్త పేలుడు మందు, సమయానికి దాన్ని అంటించే ఫ్యూజ్. శత్రువుకి కాస్త ముందు, గాల్లోనే పగలాలి. మరీ ముందే పగిలితే గుండ్లకి ఊపు చస్తుంది, ఆలస్యమైతే నేలలో దిగబడతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో 18 పౌండ్ల షెల్‌లో (అదే గుల్ల గుండులో) 370కి పైగా గుండ్లు ఉండేవి. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర వాటితో ముళ్లకంచె తెంపాలని చూశారు, చాలాచోట్ల తెగలేదు.

ఇప్పటి షెల్‌లో గుండ్లుండవు, దాని ఒళ్లే ముక్కలవుతుంది. ఫైరింగ్ రేంజ్‌లో ఒకసారి అలాంటి ముక్క పట్టుకున్నాను. అరచేతి పొడుగు, అంచులు చింపిన రేకులా ఉన్నాయి. దాన్ని మేం స్ప్లింటర్ అనేవాళ్లం, ష్రాప్‌నెల్ అని ఎవరూ అనలేదు.

ఇంకొకరు: అసాయేలో బ్రిటిష్ 74వ రెజిమెంట్ ఊరికి మరీ దగ్గరగా పోయి పిరంగుల నోట పడింది. బ్రిటిష్ వైపే మద్రాసు పటాలాలూ ఉన్నాయి, వాటిలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. వ్యాసంలో అదీ రాయండి. ఇంతకీ వియత్నాంలో బీహైవ్ అన్నదేంటి?

మాజీ గన్నర్: కానిస్టర్‌కి మనవడు. 105 ఎంఎం షెల్‌లో 8,000 చిన్న ఉక్కు బాణాలు. శత్రువు గన్ పొజిషన్ మీదికే ఎగబడితే అమెరికన్లు గొట్టం దించి పేల్చేవాళ్లు.

ప్రశ్న అడిగినవాడు: థాంక్స్ అన్నా. కానిస్టర్‌ని ‘గుళ్ల డబ్బా’ అని రాయనా?

మాజీ గన్నర్: హుండీ అనుకుంటారు. గుండ్ల డబ్బా అని రాయండి.