పక్కనే కొట్లున్న ఇంటికి గజానికి ఎక్కువ ఇవ్వొచ్చాండి?

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డుకి దగ్గర్లో, లోపలి వీధిలో 150 గజాల డాబా ఇల్లు బేరానికొచ్చింది. ఎడమ గోడకి ఆనుకుని కర్రీ పాయింటు, ఆ పక్కన కిరాణా, మందుల షాపు. "అన్నీ అందుబాటులోనే కదా" అని వీధిలో రేటు కన్నా గజానికి 2,000 ఎక్కువ చెప్తున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: అందుబాటు వేరు, ఆనుకుని ఉండటం వేరండి. కిరాణా, మందుల షాపు నడిచెళ్లే దూరంలో ఉంటే అద్దెకి మనుషులు తొందరగా దొరుకుతారు. ఆ లాభం వీధిలో అన్ని ఇళ్లకీ ఉంది. నష్టం మాత్రం గోడ పక్కవాళ్లదే. ముందు కర్రీ పాయింటు ఎగ్జాస్ట్ ఫ్యాను ఎటు తిరిగుందో చూడండి. మీ కిటికీ వైపే ఉంటే దోమల మెష్ మీద వేలు రాయండి, జిడ్డు అంటిందంటే పోపు పొగ రోజూ లోపలికొస్తోందన్నమాటే. అంట్ల నీళ్లు ఏ కాలవలోకి పోతున్నాయో కూడా చూడాలి. నూనె గడ్డకట్టి కాలవ పూడితే వానలకి ఆ నీరు ఎగదన్నేది మీ గుమ్మం ముందే. గోడ అవతల ఫ్రీజర్ ఉంటే, రాత్రి గోడకి అరచెయ్యి ఆనించండి, అదురు తెలిసిపోతుంది.

ఇంకొకరి జవాబు: పగలు 11కి చూసి బయానా ఇచ్చేయకండి. సాయంత్రం 7కి ఓసారి, ఆదివారం పొద్దున్న ఓసారి వెళ్లండి. ఆదివారం గుడికొచ్చే బళ్లు కూడా తోడై గేటు మూసుకుపోతోందేమో చూడాలి.

రేటు మాత్రం అద్దెతో లెక్కకట్టండి. ఆ గోడ పక్క పోర్షన్ 7,000కి పోయి, నాలుగిళ్ల అవతల అలాంటిదే 8,000 పలుకుతుంటే ఏడాదికి 12,000 తేడా. ఇంటి విలువ మీద అద్దె 3 శాతం వస్తుందనుకుంటే, ఆ తేడాకి ఇంటి ధర 4 లక్షలు తగ్గాలి. వాళ్లేమో 150 గజాలకి 2,000 చొప్పున 3 లక్షలు ఎక్కువ అడుగుతున్నారు!

అడిగినవారు: ముందు గది కొట్టుకిచ్చేస్తే గిట్టదా అండి?

జవాబు: లోపలి వీధిలో కష్టం. మెయిన్ రోడ్డు ముఖం ఉంటేనే కొట్టుకి అద్దె. పైగా కరెంటు మీటరు ఈపీడీసీఎల్‌లో వాణిజ్య కేటగిరీకి మార్చాలి, ఇంటి పన్ను పెరుగుతుంది, హోమ్ లోను తీసుకుంటే బ్యాంకు కొట్టు సంగతి ముందే అడుగుతుంది.

రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల ఐజీఆర్ఎస్ సైట్లో డోర్ నంబరు కొట్టి ప్రభుత్వ విలువ చూడండి. నివాసానికి, వాణిజ్యానికి రేట్లు వేరు. అదీ, మీ బేరమూ, రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం కట్టాలి. బేరమే ఎక్కువైతే ఆ 3 లక్షలకే ఇంకో 22,500 పడుతుంది.

"కర్రీ పాయింటు త్వరలో ఖాళీ చేస్తుంది" అంటే ఆ మాట మీద ధర ఒప్పుకోకండి. ఆ గది యజమానిని కలిసి, లీజు ఎప్పటిదాకా ఉందో, తర్వాత ఎవరికివ్వాలనుకుంటున్నారో అడగండి. అక్కడ వెల్డింగ్ షాపు దిగితే కర్రీ పాయింటే నయమనిపిస్తుంది.