ప్రోస్టేట్ ఆపరేషన్‌కు ముందు దాంపత్యం మాట ఎత్తాలా, వద్దా?

బ్రాడీపేట వాసి:
క్యాన్సర్ వల్ల మా పెదనాన్నగారి ప్రోస్టేట్ గ్రంథిని నాలుగు నెలల క్రితం పూర్తిగా తొలగించారు. మూత్రం కొంతకాలం అదుపు తప్పుతుందని ముందే చెప్పారు గాని, అంగస్తంభన సంగతి ఎవరూ ఎత్తలేదు. మొన్న ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో ఆయనే నాతో చెప్పుకొన్నారు. ఆ వయసు మనిషికి అవి చెప్పకపోవడమే మర్యాద అని ఇంట్లో పెద్దల మాట. మీరేమంటారు?

సత్యనారాయణపురం విశ్రాంత ఉద్యోగి:
నేను పెద్దల పక్షమే. క్యాన్సరన్న మాటకే సగం చచ్చినవాడికి ఇదీ చెబితే ఆపరేషనే వద్దంటాడు.

సూర్యారావుపేట ఫిజియోథెరపిస్టు:
వద్దనే హక్కు ఆయనదే కదండీ. గ్రంథితో పాటు మూత్రాశయం మెడ దగ్గరి కండరం పోయి, కింది కండరం ఒక్కటే భారం మోయవలసి వస్తుంది కనుక దగ్గినా, బరువెత్తినా చుక్కలు పడతాయి. గాలి పోకుండా ఆపినట్లు బిగించే కెగెల్ వ్యాయామం ముందే నేర్పడం మేలు. చాలామందికి 6 నుంచి 12 నెలల్లో అదుపు వస్తుంది. (మన ఎండల్లో భయంతో నీళ్లు మానేసేవారిని చూస్తుంటాను, మూత్రం చిక్కబడి మంట పెరగడమే మిగులుతుంది.) స్తంభనకు కావలసిన నరాలు గ్రంథిని ఆనుకొనే ఉంటాయి. వాటిని కాపాడే శస్త్రచికిత్సను అమెరికా శస్త్రవైద్యుడు పాట్రిక్ వాల్ష్ 1982లో చేసి చూపారు. అయినా కోలుకోవడానికి రెండేళ్లు పట్టవచ్చు. వీర్యం రాదు గాని సుఖానుభూతి పోదు. ఆ క్షణంలో కొందరికి మూత్రం కారుతుంది. ముందుగా మూత్రానికి వెళ్లివస్తే, కండోమ్ వాడితే సరిపోతుంది. ఇంత చిన్న సంగతి తెలియకే పడకను వరండాలోకి మార్చుకున్నవారు ఉన్నారు.

విశ్రాంత ఉద్యోగి:
చెప్పాలనే ఒప్పుకొంటాను. కాని భార్య ఎదుటనా?

ఫిజియోథెరపిస్టు:
మొదట ఆయనకు ఒంటరిగా చెప్పి, ఆయన సరేనంటే ఆమెను పిలవాలి. కొడుకులూ అల్లుళ్లూ గదిలో ఉండగా మాత్రం వద్దు.

బ్రాడీపేట వాసి:
ఒక్క సందేహం. ఎవరో చెప్పారని ఆయన చీటీ లేకుండానే అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ మాత్రలు తెచ్చుకున్నారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్ల కూడా జేబులోనే ఉంటుంది.

ఫిజియోథెరపిస్టు:
ఆ రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకోవద్దని వెంటనే చెప్పి, రెండింటినీ వైద్యునికి చూపండి. గుండె బిళ్లను మాత్రం మీ అంతట మీరు మాన్పించకండి.

బ్రాడీపేట వాసి:
ఇప్పుడే బయలుదేరుతున్నాను. పెద్దమ్మ ఎదుట ఏ వంకతో అడగాలో ఇంకా తోచలేదు.