2020 అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్: ఆటలు తగ్గించారు సరే, ఖాళీ వారాలు ఎవరు వదిలారు?

కొలంబస్_నాన్న:
మా పదేళ్ళవాడు నిన్న పాత స్కోర్లు చూస్తూ, "నాన్నా, 2020లో అలబామా 13 ఆటలు ఆడింది. మన ఒహాయో స్టేట్ ఫైనల్‌తో కలిపి 8 మాత్రమే ఆడింది. మరి ఫైనల్‌కి ఎలా వెళ్ళింది?" అని అడిగాడు. చెప్పబోతుంటే నాకు అప్పటి బాధంతా మళ్ళీ తన్నుకొచ్చింది. ఆగస్టు 5న మా జట్టు ఆడే కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్ లాంటిది) బిగ్ టెన్, 10 ఆటల షెడ్యూల్ ఇచ్చింది. ఆరు రోజులు తిరక్కుండానే కరోనా వల్ల సీజన్ వాయిదా అంది. ఆటలు జరపమని మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) జస్టిన్ ఫీల్డ్స్ మొదలుపెట్టిన పిటిషన్‌కి లక్షల సంతకాలు వచ్చాయి. నాదీ అందులో ఒకటి. చివరికి సెప్టెంబర్ 16న, 8 వారాల్లో 8 ఆటలన్నారు. అక్టోబర్ 24న మావాళ్ళ మొదటి మ్యాచ్. లక్షమందికి పైగా పట్టే స్టేడియం బోసిగా ఉంది. మీ ఊళ్ళలో ఎలా జరిగింది? రాయండి.

టెక్సస్_తమ్ముడు:
అన్నా, అప్పుడు నేను టెక్సస్ ఏ అండ్ ఎంల ఎంఎస్ చేస్తున్న. మా కాన్ఫరెన్స్ ఎస్ఈసీల కూడా 10 ఆటలే, అన్నీ కాన్ఫరెన్స్ లోపలియే. గానీ సెప్టెంబర్ 26కే మొదలువెట్టిండ్రు. ప్రతి టీముకు నడుమ ఒక వారం ఖాళీ, మళ్ళ డిసెంబర్ 12 అందరికీ ఖాళీ. ఆగిన ఆట మళ్ళ పెట్టనీకె జాగ ఉండె, అసలు కిటుకు గదే. నవంబర్ 14న టెనెసీతోని కావాల్సిన మా మ్యాచ్ జరుక్కుంట జరుక్కుంట డిసెంబర్ 19కి వోయింది, గానీ అయింది. ఓలె మిస్ టీముతోని ఆట మాత్రం కాలే. మా స్టేడియం కైల్ ఫీల్డ్‌ల పావుమందినే కూసోనిచ్చిండ్రు. నేను మాస్కు పెట్టుకోని ఒక్క మ్యాచ్‌కు వోయిన. చుట్టూ ఖాళీ సీట్లే గానీ పాటలు మాత్రం ఆగలే. ఇప్పటికీ యాదికొస్తది.

ల్యాబ్_అక్క:
తమ్ముడు చెప్పిన ఖాళీ వారాల మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆగస్టులో ఆపడం తప్పని మాత్రం అనకండి. నేను అప్పుడు కరోనా శాంపిల్స్ చేసే ల్యాబ్‌లో ఉన్నాను. స్వాబ్ పంపితే రిపోర్టుకి వారం పట్టిన రోజులు చూశాం. ఆ లెక్కన శనివారం మ్యాచ్‌కి ఎవరు దిగొచ్చో ఎలా తేలుతుంది? పైగా గుండె కండరం వాపు, మయోకార్డైటిస్ భయం. సెప్టెంబర్‌లో బిగ్ టెన్ ఒప్పుకుందంటే రోజూ చేయగలిగే యాంటిజెన్ టెస్టులు దొరకబట్టే. పాజిటివ్ ఖాయమైన ఆటగాడు కనీసం 21 రోజులు ఆటకు దూరం, గుండె పరీక్షలయ్యాకే మైదానం. ఈ జాగ్రత్తలు సరైనవే. నా అభ్యంతరమల్లా 8 వారాల సీజన్‌లో 21 రోజుల నియమం పెట్టి, ఒక్క వారం కూడా ఊపిరి తీసుకోవడానికి వదలకపోవడం మీదే.

యూటా_సురేఖ:
మా బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) జట్టుకి అప్పట్లో కాన్ఫరెన్స్ లేదు కదండీ. పెద్ద కాన్ఫరెన్సులు బయటివాళ్ళతో ఆడం అనేసరికి యూటా, మిషిగన్ స్టేట్, మిన్నెసోటా జట్లతో ఆటలన్నీ ఎగిరిపోయాయి. దొరికినవాళ్ళతో మళ్ళీ ఒక్కొక్కటే కూర్చుకున్నారు. డిసెంబర్ మొదటి వారంలో కోస్టల్ కరోలినా జట్టుతో ఆడాల్సిన లిబర్టీ జట్టు కరోనా వల్ల తప్పుకుంది. ఆ చోట్లో మావాళ్ళు ఆడేట్టు గురువారం మాటయింది, శనివారం, 5న ఆట. రెండువేల మైళ్ళకు పైగా దూరం, ఆట ఖాయం కాకముందే సామాన్ల ట్రక్కు మా ఊరు ప్రోవోలో బయల్దేరింది. చివరి బంతికి మావాడిని గోల్ గీతకు ఒక్క గజం ఇవతల పడేశారు. 22-17తో ఓడిపోయాం. సోఫా అంచున కూర్చుని టీవీకేసి చెయ్యి చాపాను, అందుకుంటానేమో అన్నట్టు. ఓడినా, ఆ ఏడాది నాకు మిగిలింది ఆ ఆటే. ముందే గీసిన షెడ్యూల్‌లో అది లేనే లేదు.

కొలంబస్_నాన్న:
అక్కా, మీ మాటతో నా కోపం కొంత తగ్గింది, నిజంగా. మా వాళ్ళకి మూడు ఆటలు పోయాయి. మేరీలాండ్‌లో కేసులు, ఇల్లినాయ్ వారం మా జట్టులోనే కేసులు, మిషిగన్‌లో కేసులు. ఏదీ మళ్ళీ పెట్టడానికి వారం లేదు. కాన్ఫరెన్స్ ఫైనల్‌కి కనీసం 6 ఆటలుండాలన్న నియమం డిసెంబర్ 9న ఎత్తేస్తే, 5 ఆటలతోనే నార్త్‌వెస్టర్న్‌తో ఫైనల్ ఆడి 22-10తో గెలిచారు. తర్వాత క్లెమ్సన్ మీద గెలిచి, అలబామా చేతిలో 52-24తో ఓడారు.

రాత్రి వాడికి అంతా చెప్పాను. ఫ్రిజ్ మీదుండే పాత షెడ్యూల్ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది, తీసి చూపించాను. మూడు పేర్ల మీద నా పెన్ను గీతలు. మిషిగన్ మీది గీత దగ్గర కాగితం కాస్త చిరిగి ఉంది. వాడు దాని మీద వేలు పెట్టి, "మరి ఇది ఎప్పుడు ఆడారు?" అన్నాడు. ఆడలేదు నాన్నా అన్నాను.