అప్‌డేట్: డొమైన్ మార్చలేదు, ఆవకాయ వ్యాసం కోలుకుంది

2024 మార్చి కోర్ అప్‌డేట్ (గూగుల్ తన సెర్చ్ ర్యాంకుల పద్ధతిలో చేసే పెద్ద మార్పు) సమయంలో మా పచ్చళ్ల వెబ్‌సైటు సెర్చ్‌లో వెనకబడిందని, డొమైన్ (సైటు చిరునామా) మార్చాలా అని అడిగాను. వద్దన్న వారందరికీ మనసారా కృతజ్ఞతలు.

గూగుల్ ఆ అప్‌డేట్‌ను మార్చి 5న మొదలుపెట్టి ఏప్రిల్ 19న ముగించింది. మధ్యలో ర్యాంకులు రోజుకో తీరుగా ఉంటాయి కాబట్టి, అంతా పూర్తయ్యాకే సెర్చ్ కన్సోల్‌లో (సైటు సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) ముందు వారాలను, తరువాతి వారాలను పోల్చాను. మాన్యువల్ యాక్షన్ (నియమాలు మీరిన సైటుపై గూగుల్ మనుషులు చూసి తీసుకునే చర్య) ఏదీ లేదు, అంటే ఇది శిక్ష కాదు. బాగా జారింది ఆవకాయ వ్యాసమే. దాన్ని దాటి పైకి వచ్చినవన్నీ కొలతలతో, సొంత ఫొటోలతో ఉన్నాయి, నిజంగా మంచి వ్యాసాలు. అమ్మ చేత ఆవపిండి, కారం, ఉప్పు తూకం వేయించి, ముక్కలు కొట్టే ఫొటోలు చేర్చి మళ్లీ రాశాను. ఆగస్టు కోర్ అప్‌డేట్ తరువాత అది మొదటి పేజీకి వచ్చింది. గోంగూర వ్యాసం మాత్రం ఇంకా కదల్లేదు.